పన్ను రాలేదని బెంగపడుతున్నారా? దంతవైద్యులతో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఈ రోజు మన ఫోన్-ఇన్‌లో పిల్లల దంతవైద్య నిపుణులు ఉన్నారు. పళ్ళు ఎలా పుడతాయి, కొంతమందికి ఎందుకు రావు అన్నది విషయం. డాక్టర్ గారూ, నమస్కారం.

డాక్టర్: నమస్కారం అండీ. ఫోన్లు తీసుకునే ముందే రెండు మాటలు చెప్పేస్తాను, తర్వాత మళ్ళీ మళ్ళీ చెబుతూనే ఉంటాను. ఒకటి, ఎక్స్-రే తీయకుండా పిల్లల పాల పన్ను పీకించకండి. కింద పర్మనెంట్ పన్ను ఉందో లేదో పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. రెండు, బిడ్డకి పన్ను రాకపోతే తల్లిని నిలదీయకండి. పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చిన రోజు పుట్టినట్టు కాదు. గర్భంలో ఆరో వారంలోనే దానికి ముహూర్తం పడుతుంది. అప్పటికి బిడ్డ చిక్కుడు గింజంత ఉంటుంది.

వ్యాఖ్యాత: మొదటి ఫోన్ విశాఖపట్నం నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (విశాఖపట్నం): నమస్తే డాక్టరు గారూ. మా అమ్మాయికి బాబు పుట్టి నాలుగు రోజులైంది. కింది చిగురు మీద తెల్లగా పన్ను ఉందండి. పన్నుతో పుడితే మేనమామకి గండం అంటున్నారు. మా ఇంట్లో ఒక్కడే మగపిల్లాడండి. పీకించెయ్యమంటారా?

డాక్టర్: మేనమామకి ఏమీ కాదమ్మా, నిశ్చింతగా ఉండమనండి. ఆ పన్ను తాకితే కదులుతోందా?

కాలర్ (విశాఖపట్నం): కొంచెం కదులుతోందండి. ఊడేంత కాదు.

డాక్టర్: పాలు తాగుతున్నాడా? నాలుక కింద పుండు ఏమైనా ఉందా?

కాలర్ (విశాఖపట్నం): తాగుతున్నాడండి. పుండు లేదు.

డాక్టర్: అయితే పీకించకండి. రెండు మూడు వేల మందిలో ఒకరికి ఇలా జరుగుతుంది. చాలామందిలో అది అదనపు పన్ను కాదు. ఆరో నెలలో రావాల్సిన అసలు పాల పన్నే తొందరపడి వచ్చేస్తుంది. తీసేస్తే ఆ చోట ఇంకో పాల పన్ను రాదు. బాగా వదులైపోయి గొంతులో పడేలా ఉంటేనో, నాలుక కోసుకుపోతుంటేనో అప్పుడు తీయాలి. ఈ వారంలో పిల్లల దంతవైద్యుడికి చూపించండి. తీయాల్సి వస్తే రక్తం ఆగాలి కాబట్టి, పుట్టగానే విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారో లేదో అడుగుతారు, ఆస్పత్రి కాగితాలు తీసుకెళ్ళండి.

వ్యాఖ్యాత: థాంక్స్ అమ్మా. తర్వాత తెనాలి నుంచి. హలో?

కాలర్ (తెనాలి): హలో, హలో... డాక్టర్ గారూ నమస్కారం అండి. పోయిన వారం కూడా చేశాను, లైన్ దొరకలేదు. మా బాబుకి పదహారు నెలలు వెళ్ళి పదిహేడు వచ్చాయండి. ఒక్క పన్ను కూడా రాలేదు. మా ఆడపడుచు కొడుకు వీడికంటే రెండు నెలలు చిన్న, వాడికి ఎనిమిది పళ్ళు. వాడు జంతిక ముక్క చేతికిస్తే కొరుక్కుంటున్నాడు. వీడికి ఇంకా అన్నం మెత్తగా మెదిపే పెడుతున్నాను. మా అత్తగారేమో నేను కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు కత్తిపీట పట్టుకున్నానని... వంకాయలు తరిగానండి, ఆ రోజు మా ఆయనకి క్యారేజీ పెట్టాలి, ఇంట్లో ఇంకెవరూ లేరు. అది కాక వాంతులవుతుంటే ఐరన్ మాత్రలు సరిగ్గా వేసుకోలేదు. కాల్షియం కూడా మధ్యలో మానేశాను. అందుకేనాండి? బాబుకి ఇప్పటికి కాల్షియం సిరప్ రెండు సీసాలు అయ్యాయి. మూడోది మొదలుపెట్టమంటారా?

డాక్టర్: ఒక్క నిమిషం తల్లీ. నేను అడిగినవాటికి చెప్పండి. బాబుకి జుట్టు ఎలా ఉంది?

కాలర్ (తెనాలి): తక్కువేనండి. పుట్టువెంట్రుకలు తిరుపతిలో తీయించాం. ఆ తర్వాత సరిగ్గా రానేలేదు. నూగులాగా, రంగు కూడా తేలిక. మళ్ళీ గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందని మా అత్తగారు...

డాక్టర్: కనుబొమ్మలు?

కాలర్ (తెనాలి): ఉన్నాయా అంటే ఉన్నాయండి. కాటుక దిద్దితేనే తెలుస్తాయి.

డాక్టర్: చెమట పడుతుందా?

కాలర్ (తెనాలి): చెమటా... (కాసేపు మౌనం) మీరు అడిగితే ఇప్పుడు అనిపిస్తోందండి. వీడికి చెమట పట్టడం నేను చూడలేదు. మేమంతా తడిసి ముద్దవుతుంటే వీడి ఒళ్ళు పొడిగా పెనంలా కాలుతూ ఉంటుంది. పోయిన మే నెలలో నాలుగుసార్లు జ్వరం వచ్చింది. రెండుసార్లు ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు. రక్తపరీక్షలో ఏమీ లేదన్నారు. యాంటీబయాటిక్ రాశారు. ఇంటికొచ్చి కూలర్ ముందు పడుకోబెడితే తగ్గిపోయేది.

డాక్టర్: బాబు ఇప్పుడు మీ దగ్గరే ఉన్నాడా? చేతులు కడుక్కుని కింది చిగురు మీద, ముందువైపు, చూపుడు వేలు అటూ ఇటూ నడపండి. నేను లైన్లోనే ఉంటాను.

కాలర్ (తెనాలి): ఉండండి... ఒరే నాన్నా, నోరు తెరువు... ఆ. సన్నగా ఉందండి. స్కేలు అంచు మీద వేలు పెట్టినట్టుంది.

డాక్టర్: లోపల పళ్ళున్న చిగురు ఈ వయసుకి లావుగా, ఉబ్బెత్తుగా తగలాలి. పంటి మొలక లేని చోట దవడ ఎముక గట్టు ఎత్తు పెరగదు. ఇప్పుడు మీ సంగతి. మీ పళ్ళన్నీ బాగా వచ్చాయా?

కాలర్ (తెనాలి): నావాండి? బాగానే ఉన్నాయి. పైన ముందు పళ్ళ పక్కది ఒకటి చిన్నది, మేకులా మొనదేలి ఉంటుంది. రెండోవైపుది అసలు రాలేదు. పెళ్ళికి ముందు కట్టించుకున్నాను.

డాక్టర్: మీ అమ్మగారి వైపు మగవాళ్ళలో ఎవరికైనా?

కాలర్ (తెనాలి): మా అన్నయ్యకి అన్నీ ఉన్నాయండి. మా అమ్మ తమ్ముడు, చిన్న మామయ్య అని ఉండేవాడు. ఆయనకి పాతికేళ్ళకే కట్టుడుపళ్ళు. బోసి మామయ్య అనేవాళ్ళం, పిల్లలం, తెలియక. జుట్టూ లేదు. ఎండాకాలం పొలం వెళ్ళలేకపోయేవాడు. మధ్యాహ్నం వేళ కాలవలో మెడ దాకా మునిగి కూర్చునేవాడు. అమ్మమ్మ వెళ్ళి పిలిచినా వచ్చేవాడు కాదు.

డాక్టర్: అమ్మా, ఫోన్లో జబ్బు తేల్చకూడదు, నేను తేల్చడం లేదు. కానీ మీరు చెప్పినవన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. దాన్ని హైపోహైడ్రోటిక్ ఎక్టోడర్మల్ డిస్ప్లేసియా అంటారు. పేరు పెద్దది, విషయం చెబుతాను వినండి. పన్నుకీ, వెంట్రుకకీ, చెమట గ్రంథికీ పుట్టుక ఒకేలా మొదలవుతుంది. గారె పిండిలో బొటనవేలు దించినట్టు, పైపొర ఒక చోట చిక్కబడి కింది పొరలోకి దిగుతుంది. అలా దిగిన చోట నోట్లో అయితే పన్ను, తల మీద అయితే వెంట్రుక, ఒంటి మీద అయితే చెమట గ్రంథి. ఆ దిగడానికి కణాల మధ్య ఒక కబురు నడవాలి. ఆ కబురు పేరు ఈడీఏ. ఒక కణం ఈడీఏ ప్రోటీన్ వదులుతుంది, పక్క కణం మీద దాన్ని అందుకునే రిసెప్టర్ ఉంటుంది. ఈడీఏ జన్యువులో తేడా ఉంటే కబురు వెళ్ళదు. అందుకే పన్ను, జుట్టు, చెమట మూడూ కలిసి దెబ్బతింటాయి.

కాలర్ (తెనాలి): అంటే గ్రహణం రోజు నేను...

డాక్టర్: గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. కత్తిపీటకీ లేదు. ఈడీఏ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవాళ్ళకి ఎక్స్ రెండు. ఒకటి చెడినా రెండోది చాలావరకు పని నడిపిస్తుంది. మీ మేకు పన్ను అలాంటి చిన్న గుర్తు కావచ్చు. మగపిల్లాడికి ఎక్స్ ఒక్కటే, అది చెడితే ఆదుకునేది లేదు. ఇది మన దేశపు వైద్యానికి కొత్త కూడా కాదు. 1875లో చార్లెస్ డార్విన్ సింధు ప్రాంతంలోని ఒక హిందూ కుటుంబం గురించి రాశారు. నాలుగు తరాల్లో పదిమంది మగవాళ్ళకి రెండు దవడల్లో కలిపి నాలుగు చిన్న ముందు పళ్ళు, ఎనిమిది దవడ పళ్ళు మాత్రమే ఉన్నాయి. ఒంటి మీద జుట్టు తక్కువ, ఎండాకాలం చర్మం పొడిబారి బాధ. కూతుళ్ళలో ఎవరికీ లేదు, కానీ ఆ కూతుళ్ళ కొడుకులకి వచ్చింది. మీ అమ్మమ్మ, మీ మామయ్య, మీ అమ్మ, మీరు, మీ బాబు. అదే దారి. ఆ జన్యువు ఏదో 1996లో పట్టుకున్నారు. నూట ఇరవై ఏళ్ళు పట్టింది. మీ అత్తగారికి తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు, కానీ ఇప్పుడు తెలిసింది కదా, ఇక మిమ్మల్ని అనకూడదు. ఫోన్ స్పీకర్లో పెట్టి ఉంటే ఆవిడ కూడా వినాలి.

కాలర్ (తెనాలి): (గొంతు మారి) వింటున్నారండి, ఇక్కడే ఉన్నారు. అయితే మరి కాల్షియం సిరప్ మూడో సీసా...

డాక్టర్: అమ్మా! కాల్షియం ఇటుక లాంటిది. లారీ నిండా ఇటుకలు దింపినా, ఇక్కడ గోడ కట్టమని చెప్పేవాడు లేకపోతే ఇల్లు లేవదు. మీ బాబుకి ఇటుకల కొరత కాదు. పిల్లల డాక్టర్ వేరే కారణానికి రాస్తే తప్ప ఆ సిరప్ అవసరం లేదు. సిరప్ కంటే ముఖ్యమైనది చెబుతాను, రాసుకోండి. ఎండాకాలం వస్తోంది. బాబుకి చెమట పట్టకపోతే ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదు. పలుచని నూలు చొక్కా తడిపి పిండి వేయండి, ఆరగానే మళ్ళీ తడపండి. కూలర్ దగ్గర ఉంచండి. నీళ్ళు తరచుగా పట్టండి. మధ్యాహ్నం బయటికి తిప్పొద్దు. ఒళ్ళు కాలితే ముందు చల్లబరచండి, తగ్గకపోయినా మత్తుగా ఉన్నా వెంటనే ఆస్పత్రికి. అక్కడ మొదటి మాటగా “వీడికి చెమట పట్టదు” అని చెప్పండి. జ్వరం మందు ఈ వేడిని దించదు. ప్రతిసారీ యాంటీబయాటిక్ కూడా అక్కర్లేదు.

కాలర్ (తెనాలి): పళ్ళు ఇంక రావాండి?

డాక్టర్: కొన్ని రావచ్చు, మొనదేలి, ఆలస్యంగా. ఎన్ని ఉన్నాయో ఎక్స్-రే చెబుతుంది. మూడేళ్ళ వయసు నుంచే చిన్న కట్టుడుపళ్ళ సెట్టు పెడతాం. దవడ పెరిగే కొద్దీ మారుస్తాం. పిల్లలు నేను అనుకున్నదానికంటే త్వరగా అలవాటు పడతారు. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలో జన్యు పరీక్షలు చేస్తారు. అక్కడికి వెళ్ళండి. పరీక్షలో ఈడీఏ కాకుండా దాని రిసెప్టర్ జన్యువులోనో, డబ్ల్యూఎన్‌టీ10ఏ అనే ఇంకో జన్యువులోనో తేడా తేలవచ్చు. అప్పుడు వంశంలో సాగే లెక్క మారుతుంది. అందుకే పరీక్ష కావాలంటున్నాను.

వ్యాఖ్యాత: సరేనమ్మా, థాంక్యూ. కాకినాడ నుంచి ఇంకో కాల్.

కాలర్ (కాకినాడ): నమస్తే సార్. నేను బీఎస్సీ జువాలజీ చదువుతున్నాను. ముందు పన్ను ముందు పన్నులాగా, దవడ పన్ను దవడ పన్నులాగా వస్తాయి కదా. ఎక్కడ ఏది రావాలో కణాలకి ఎలా తెలుస్తుంది సార్?

డాక్టర్: మంచి ప్రశ్న బాబూ. నోటి పైపొర ఒకటి, దాని కింద మెత్తటి కణజాలం ఒకటి. ఆ కింది కణాలు అక్కడివి కావు. మెదడూ వెన్నుపామూ ఏర్పడే గొట్టం అంచు నుంచి నడిచి వచ్చినవి. న్యూరల్ క్రెస్ట్ అని చదివి ఉంటావు. మొదట మాట పైపొరది. ముందు పళ్ళ చోట బీఎంపీ4 అనే ప్రోటీన్ వదులుతుంది, దవడ పళ్ళ చోట ఎఫ్‌జీఎఫ్8 వదులుతుంది. కింది కణాలు బీఎంపీ4 అందితే ఎంఎస్ఎక్స్1 జన్యువుని, ఎఫ్‌జీఎఫ్8 అందితే బీఏఆర్ఎక్స్1 జన్యువుని ఆన్ చేస్తాయి. 1998లో లండన్‌లో ఎలుక పిండం దవడ మీద ఒక ప్రయోగం చేశారు. బీఎంపీని అడ్డుకునే నోగిన్ అనే ప్రోటీన్‌ని ముందు పన్ను రావాల్సిన చోట పెట్టారు. అక్కడ దవడ పన్ను లేచింది.

కాలర్ (కాకినాడ): ముందు పన్ను చోట దవడ పన్నా సార్?

డాక్టర్: అవును. కణం అదే, చోటు అదే, అందిన కబురు మారింది. ఆ తర్వాత ఇంకా బాగుంటుంది. కొన్నాళ్ళకి మాట కింది పొర చేతికి వస్తుంది. పైపొర మొగ్గలా దిగుతుంది, ఆ మొగ్గ టోపీ అవుతుంది, టోపీ గంట అవుతుంది. టోపీ మధ్యలో ఒక చిన్న కణాల గుత్తి గట్టిపడుతుంది, ఎనామిల్ నాట్ అంటారు, అంటే ఎనామిల్ ముడి. ఎనామిల్ అంటే పన్ను పైనుండే గట్టి పొర. అది తాపీ మేస్త్రీ లాంటిది. తాను ఇటుక మోయదు, అంటే తన కణాలు విభజన చెందవు. చుట్టూ ఉన్నవాటికి ఎఫ్‌జీఎఫ్, ఎస్‌హెచ్‌హెచ్ కబుర్లు పంపి మీరు పెరగండి అంటుంది. మేస్త్రీ ఉన్న చోటు ఆగిపోయి, చుట్టూ పెరిగితే ఏమవుతుంది? ముడత పడుతుంది. ఆ ముడతే పన్ను మీది గుబ్బ. అద్దంలో నీ దవడ పన్ను చూసుకో, ఎన్ని గుబ్బలుంటే అన్ని ముడులు అక్కడ పనిచేశాయి. పని అయ్యాక ఆ గుత్తి తనంతట తానే చచ్చిపోతుంది. ఆనవాలు కూడా మిగలదు. హెల్సింకిలో ఇర్మా థెస్లెఫ్ గారి బృందం దీని మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. నాకు ఇన్నేళ్ళైనా ఈ మాట చెబుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

కాలర్ (కాకినాడ): సార్, కోడికి పళ్ళు వచ్చే జన్యువులు ఇంకా ఉన్నాయంటారు...

డాక్టర్: ఉన్నాయి. 2006లో ఒక రకం మ్యూటేషన్ ఉన్న కోడి పిండాల్లో మొసలి పళ్ళలాంటి మొలకలు కనిపించాయి. పక్షులకి పళ్ళు పోయి ఎన్నో కోట్ల ఏళ్ళైనా...

వ్యాఖ్యాత: డాక్టర్ గారూ, కాలర్లు వెయిటింగ్‌లో ఉన్నారు. బళ్ళారి నుంచి హలో? మీ రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి. హలో?

కాలర్ (బళ్ళారి): హలో సార్, మా పాపకి తొమ్మిదేళ్ళు, మెడ కింద కాలర్ బోన్... (శబ్దం) ...పళ్ళు ఎక్కువ ఉన్నాయని...

వ్యాఖ్యాత: లైన్ కట్ అయింది.

డాక్టర్: వింటుంటే ఒక్క మాట. పళ్ళు అదనంగా ఉండి బయటికి రాకుండా లోపలే ఆగిపోవడం, మెడ కింది ఎముక సగమే ఉండటం లేదా లేకపోవడం, రెండూ కలిసి ఉంటే ఆర్‌యూఎన్‌ఎక్స్2 అనే జన్యువు చూడాలి. భుజాలు ముందుకి తెస్తే దాదాపు కలిసిపోతాయి ఆ పిల్లలకి. మళ్ళీ ప్రయత్నించండి.

వ్యాఖ్యాత: నల్గొండ నుంచి.

కాలర్ (నల్గొండ): నమస్కారం సార్. మా పాపకి ఎనిమిదేళ్ళు. కొత్తగా వచ్చిన ముందు పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, గార పళ్ళలాగా. స్కూల్లో నవ్వడం మానేసింది. రుద్దితే పోతాయా?

డాక్టర్: రుద్దితే పోవు నాయనా, పాపని తిట్టకండి. అది పైన పట్టిన పాచి కాదు. బోరు నీళ్ళేనా తాగేది?

కాలర్ (నల్గొండ): పాప చిన్నప్పుడు బోరు నీళ్ళే సార్. ఇప్పుడు నల్లా నీళ్ళు.

డాక్టర్: ఆ ముందు పళ్ళ మీద ఎనామిల్ పోయడం పాప పుట్టిన మూడు నాలుగు నెలలకే మొదలై, నాలుగైదేళ్ళ దాకా నడిచింది. ఎనామిల్ పోసే కణాలు ముందు ప్రోటీన్ అచ్చు వేసి, తర్వాత ఆ ప్రోటీన్‌ని తీసేసి ఖనిజం నింపుతాయి. ఫ్లోరైడ్ ఎక్కువైతే ప్రోటీన్ తీసేసే పని సరిగ్గా సాగదు. ఎనామిల్ లోపల గుల్లగా మిగులుతుంది, బయటికి వచ్చాక రంగు పడుతుంది. పన్ను బయటికి వచ్చేసరికి ఆ కణాలు ఉండవు, అందుకే ఒంట్లోంచి కొత్త ఎనామిల్ రాదు. మన దగ్గర ఈ ఫ్లోరోసిస్‌ని 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించారు. మచ్చలు తగ్గించడానికి పైపైన పాలిష్ చేసి రెజిన్ వేసే పద్ధతులున్నాయి, పన్ను అరగదీయించుకోవాల్సిన పని లేదు. ఇంట్లో ఇంకా చిన్నపిల్లలున్నారా?

కాలర్ (నల్గొండ): బాబు ఉన్నాడు సార్, ఏడాది.

డాక్టర్: అయితే అసలు జాగ్రత్త వాడికి. వాడి పర్మనెంట్ ముందు పళ్ళు ఇప్పుడే లోపల తయారవుతున్నాయి. లీటరుకి ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకూడదు, ఇంకో దారి లేకపోతే ఒకటిన్నర దాకా అని మన ప్రమాణం. నీళ్ళు పరీక్ష చేయించండి. బోరు నీళ్ళతో వంట కూడా చేయకండి, మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది.

వ్యాఖ్యాత: వరంగల్ నుంచి.

కాలర్ (వరంగల్): మా అమ్మాయికి పదకొండేళ్ళండి. కింద రెండువైపులా పాల దవడ పన్ను ఊడలేదు. క్లిప్పులు వేయాలి, ఆ రెండూ తీసేద్దామన్నారు ఒక చోట. రేపు అపాయింట్‌మెంట్.

డాక్టర్: ఎక్స్-రే తీశారా?

కాలర్ (వరంగల్): తీయలేదండి.

డాక్టర్: రేపు పీకించకండి. ఇందాకే చెప్పాను కదండీ! జ్ఞానదంతాలు కాకుండా లెక్కేసినా, వందలో ఐదారుగురికి ఒకటో రెండో పర్మనెంట్ పళ్ళు అసలు పుట్టవు. అందులో ఎక్కువగా లేనిది సరిగ్గా మీరు చెబుతున్న చోటు పన్నే, కింది రెండో చిన్న దవడ పన్ను. రెండువైపులా ఒకేలా ఆగిందంటే నాకు అనుమానం. కింద పన్ను లేకపోతే ఆ పాల పన్ను గట్టిగా ఉన్నన్నాళ్ళూ ఉంచుకోవచ్చు. ముప్పై, నలభై ఏళ్ళు వచ్చేదాకా పాల పన్నుతో నమిలేవాళ్ళని నేను చూశాను. పూర్తి దవడ ఎక్స్-రే, ఓపీజీ అంటారు, అది తీయించి ఆ తర్వాత క్లిప్పుల డాక్టర్‌తో మాట్లాడండి. మీ ఇద్దరిలో ఎవరికైనా పళ్ళు తక్కువా?

కాలర్ (వరంగల్): మా ఆయనకి జ్ఞానదంతాలు ఒక్కటీ రాలేదండి. మంచిదే అనుకున్నాం. అయితే పాపకి తిండిలో ఏమైనా తక్కువై...

డాక్టర్: తిండి కాదమ్మా. 1996లో ఒక కుటుంబంలో సరిగ్గా ఇవే, రెండో చిన్న దవడ పళ్ళూ జ్ఞానదంతాలూ లేకపోవడానికి ఎంఎస్ఎక్స్1 జన్యువులో ఒక్క అక్షరం మార్పు కారణమని తేలింది. 2000లో పెద్ద దవడ పళ్ళు లేని కుటుంబంలో ప్యాక్స్9 అనే జన్యువులో తేడా దొరికింది. మీ పాపకి అదేనని అనడం లేదు. ఎక్స్-రే ముందు.

వ్యాఖ్యాత: థాంక్యూ అండి. డాలస్ నుంచి ఒక కాల్, త్వరగా చెప్పండి.

కాలర్ (డాలస్): డాక్టర్ గారూ, మా బాబుకి పద్నాలుగేళ్ళు. ఎనిమిది పర్మనెంట్ పళ్ళు లేవన్నారు. జపాన్‌లో పళ్ళు మొలిపించే మందు వచ్చిందని వాట్సాప్‌లో చూశాం. నిజమేనా?

డాక్టర్: సగం నిజం. యూఎస్ఏజీ-1 అనే ప్రోటీన్ బీఎంపీ కబురుని అణచిపెడుతుంది. దాన్ని యాంటీబాడీతో ఆపితే పుట్టుకతో పళ్ళు తక్కువున్న ఎలుకల్లో పళ్ళు లేచాయి, ఫెరెట్ అనే జంతువులో అదనపు పన్ను వచ్చింది. 2021లో ఆ ఫలితాలు వచ్చాయి. 2024లో క్యోటోలో మనుషుల మీద పరీక్ష మొదలైంది. అది పెద్దవాళ్ళలో మందు సురక్షితమో కాదో చూడటానికి. కొనుక్కునే మందు కాదు, ఎవరైనా అమ్మితే డబ్బు కట్టకండి. ఇంకో సంగతి, కంగారు పడకుండా వినండి. మీ వంశంలో చిన్న వయసులో పెద్దపేగు క్యాన్సర్ ఉందా?

కాలర్ (డాలస్): మా నాన్నగారి అన్నయ్యకి... యాభై లోపే.

డాక్టర్: అయితే మీ డాక్టర్‌కి ఆ రెండు సంగతులూ కలిపి చెప్పండి. 2004లో ఫిన్లాండ్‌లో ఒక కుటుంబంలో, ఏఎక్స్ఐఎన్2 జన్యువు తేడా వల్ల చాలా పళ్ళు లేనివాళ్ళకే పెద్దపేగు క్యాన్సర్ కూడా వచ్చింది. డబ్ల్యూఎన్‌టీ అనే కబురు పన్నులోనూ నడుస్తుంది, పేగులోనూ నడుస్తుంది. అరుదైనదే. కానీ పరీక్ష అడగడంలో తప్పులేదు.

వ్యాఖ్యాత: సమయం దగ్గరపడింది. చివరి కాల్. హలో, ఎక్కడి నుంచి?

కాలర్ (తెనాలి): నేనేనండి, ఇందాకటి తెనాలి.

వ్యాఖ్యాత: మీరు ఇందాక మాట్లాడారు కదమ్మా, వేరేవాళ్ళకి...

డాక్టర్: పర్లేదు, మాట్లాడనివ్వండి. చెప్పు తల్లీ.

కాలర్ (తెనాలి): ఇందాక అందరి ముందూ చెప్పలేకపోయానండి. ఇప్పుడు మేడ మీద నుంచి మాట్లాడుతున్నాను. నాకు మళ్ళీ మూడో నెల. ఇంట్లో ఇంకా చెప్పలేదు. వీడికి... ఈ కడుపులో బిడ్డకి కూడా అలాగే అవుతుందాండి? కాల్షియం మాత్రలు ఈసారి ఒక్కటి కూడా మానలేదు.

డాక్టర్: మాత్రలు వేసుకోండి, మీ ఒంటికి మంచిది. కానీ ఈ విషయాన్ని అవి మార్చవు. ఈడీఏ తేడా మీ దగ్గర ఉందని పరీక్షలో తేలితే, మగపిల్లాడైతే సగం అవకాశం రావడానికి, సగం రాకపోవడానికి. ఆడపిల్ల అయితే సగం అవకాశం మీలాగే ఉండటానికి. బాబుది మీది రక్తం ముందు పరీక్ష చేస్తే ఈ లెక్క గట్టిగా చెప్పగలం. అందుకే ఈ వారమే వెళ్ళమంటున్నాను, బాబుకి నడక వచ్చాక వెళ్దాం అనుకోకండి.

కాలర్ (తెనాలి): కడుపులో ఉండగానే ఏమైనా మందు ఉందాండి?

డాక్టర్: జర్మనీలో, బిడ్డకి లేని ఆ ఈడీఏ ప్రోటీన్‌ని ఆరో నెల దాటాక ఉమ్మనీటిలోకి ఇంజెక్షన్‌గా ఇచ్చారు. కవల అబ్బాయిలు, ఇంకో అబ్బాయి. 2018లో ఆ ఫలితం ప్రచురించారు. ముగ్గురికీ చెమట మామూలుగా పట్టింది. పుట్టాక ఇస్తే ఆ ఫలితం రాలేదు. కణాలు ఆ కబురు వినే కాలం గర్భంలోనే, అది దాటితే చెవి మూసుకుంటాయి. అది ఇంకా ట్రయల్‌లోనే ఉంది తల్లీ, మన దగ్గర ఆస్పత్రిలో అడిగితే దొరికేది కాదు. ఆశ పెట్టడానికి చెప్పడం లేదు. ఇలాంటిది ఒకటి నడుస్తోందని జెనెటిక్స్ డాక్టర్‌ని అడగడానికి మీకు తెలిసి ఉండాలి.

కాలర్ (తెనాలి): స్కాన్‌లో తెలుస్తుందాండి?

డాక్టర్: ఐదో నెల దగ్గర నుంచి బాగా అనుభవం ఉన్నవాళ్ళు స్కాన్ చేస్తే దవడలో పంటి మొలకలు వరుసగా చిన్న చిన్న చుక్కల్లా కనిపిస్తాయి. మీకు ఆ సమయం ఇంకా ఉంది. ఏ పరీక్ష చేయించుకోవాలో, చేయించుకోవాలో వద్దో, ఆ డాక్టర్ మిమ్మల్ని కూర్చోబెట్టి చెబుతారు, మీ ఆయన్ని తీసుకెళ్ళండి. ముందు ఆయనకి ఈ రాత్రి చెప్పండి.

కాలర్ (తెనాలి): చెబుతానండి. బాబు ఏడుస్తున్నాడు, కిందికి వెళ్ళాలి.

డాక్టర్: వెళ్ళండి. చొక్కా తడపడం మర్చిపోకండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. డాక్టర్ గారికి, ఫోన్ చేసినవారికి ధన్యవాదాలు. లైన్ కట్ అయిన బళ్ళారి శ్రోత వచ్చే వారం ఇదే సమయానికి చేయండి.